మూలపడిన కుట్టుయంత్రము

పెండ్లినాడు పుట్టింటివారు కొనియిచ్చిన కుట్టుయంత్రమును ముసలితనమునందును విడువలేని యిల్లాండ్రు మన యూళ్లలో అనేకులు కలరు. ఒకప్పుడు అది యింటిల్లిపాదికి రవికలు, చొక్కాలు, లాగులు కుట్టిపెట్టినది. నల్లని మెడమీది బంగారు లతలు సగము చెరిగిపోయినను చక్రమును త్రిప్పినచో ఇప్పటికిని కదలును. కాని కుట్టు పడదు. ఏదో యొక చిన్న భాగము పోయియుండును. ఆ భాగము బజారులో దొరకదు. యంత్రమును పాతయినుముక్రింద తూచి అమ్మివేయుటయా, పోయినదానిని వెదకి తెచ్చి మరల కుట్టించుటయా అను ప్రశ్న అప్పుడు పుట్టును. రెండవ దారి పట్టువారు పలుదేశములలో నున్నారు. వారు పడు శ్రమ వినదగినది.

దారముతో ముడికుట్టు వేయు యంత్రమునకు అమెరికా దేశమున ఎలియాస్ హోవె 1846లో పేటెంటు పొందెను. ఐజాక్ సింగర్ తన యంత్రమునకు 1851లో పేటెంటు పొందెను. సింగరు భాగస్థుడగు ఎడ్వర్డ్ క్లార్క్ 1856లో వాయిదాల పద్ధతిని ప్రవేశపెట్టగా, ఒక్కసారి సొమ్ము చెల్లింపలేని కుటుంబములకు గూడ యంత్రము అందుబాటులోనికి వచ్చెను. యంత్రములను విమర్శించిన గాంధీమహాత్ముడు సైతము సింగరు కుట్టుయంత్రమును ఉపయోగకరమైన కొలదివానిలో నొకటిగా నెంచి మినహాయించెను. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకున ఆ కంపెనీకి మహత్తరమైన ఫ్యాక్టరీ యుండెను. దాని గడియార స్తంభము 1963లో కూల్చబడినది. 1980లో ఫ్యాక్టరీయే మూతపడినది. చేసిన చోటు పోయినది గాని, చేయబడిన యంత్రములు మాత్రము ఇండ్లలో మిగిలియున్నవి. చిక్కంతయు నిందే కలదు.

బాగుచేయువాడు మొట్టమొదట యంత్రముయొక్క పీఠముమీద చెక్కిన సంఖ్యను చూచును. సింగరు యంత్రములలో 1900 ప్రాంతమునుండి అంకెలకు ముందు ఇంగ్లీషు అక్షరములు చేరినవి. ‘జి’ అను అక్షరము అమెరికాలోని ఎలిజబెత్ నగరపు ఫ్యాక్టరీని, ‘వై’ అను అక్షరము క్లైడ్‌బ్యాంకును తెలుపును. ఆ సంఖ్యలను పట్టికలతో సరిచూచినచో యంత్రము వయస్సును రకమును తెలియవచ్చును. పలు విడిభాగముల మీద గూడ అంకెలును, ‘సిమాన్‌కో’ అను ముద్రయు నుండును. దుకాణదారుతో “పాత సింగరుకు కావలెను” అని చెప్పుట వలన ఏ ప్రయోజనమును లేదు. ఆ పేరుతో నూరు రకముల యంత్రములు వచ్చినవి.

సింగరు 27వ రకము, 28వ రకము యంత్రములను ఉదాహరణముగా తీసికొందము. మన కాలపు యంత్రములలో క్రిందిదారము గుండ్రని బాబినుమీద నుండును. ఈ పాతవానిలో అట్లు గాదు. బాబిను సన్నని పొడవాటి పుల్లవలె నుండును. దానిని తుపాకిగుండు ఆకారముగల ఉక్కు తొడుగులో నుంచుదురు. ఈ తొడుగునే షటిలందురు. నేతగాని నాడె పడుగుపోగుల నడుమ దూరిపోవునట్లే, ఇదియు పైదారపు ముడిలో దూరిపోవును. సూది క్రిందికి దిగి, మరల పైకి లేవనారంభించినప్పుడు దారము కొంచెము వదులై చిన్న ఉచ్చువలె విచ్చుకొనును. సరిగా ఆ క్షణముననే షటిలు మొన ఆ యుచ్చులో ప్రవేశింపవలెను. ముందైనను వెనుకైనను కుట్టు తప్పును. మొనమీద ఆవగింజంత తుప్పుమచ్చ యున్నను దారము తెగును.

ఇంత ముఖ్యమైన భాగము యంత్రమునకు బిగింపబడియుండదు. బాబిను మార్చునప్పుడెల్ల దానిని చేతితో బయటికి తీయుదురు. కనుకనే అది పోవును. పిల్లలు ఆటవస్తువని తీసికొనిపోవుటయు, పెట్టె అడుగున పడుటయు, ఇల్లు మారునప్పుడు చెత్తతో పోవుటయు సర్వసాధారణములు. షటిలుమీదనుండు జారుడు పలకలును యంత్రమును ఎత్తి మోయునప్పుడు ఊడిపడును. షటిలు లేని యంత్రము ఎంత మెరయుచున్నను ఇనుపముద్దయే.

అదృష్టవశమున ఈ షటిలునకును పొడవాటి బాబినులకును నకళ్లు నేటికిని తయారగుచున్నవి. కాని నకలు తెచ్చి పెట్టుటతో పని ముగియదు. కొన్ని లావై ఒరసికొనును, కొన్ని వదులై గడగడలాడును. షటిలు ప్రక్కనున్న పలుచని ఉక్కుబద్ద క్రిందిదారమును అదిమిపట్టును. దాని చిన్న మరను పావు చుట్టు త్రిప్పినను కుట్టు బిగువు మారును. ఓపిక లేనివాడు ఇచ్చటనే విసిగి యంత్రమును నిందించును.

మరచీలలు మరియొక కష్టము. సింగరు కంపెనీ తన యంత్రములకు తనవైన కొలతల మరలను వాడినది. బజారులో దొరకు చీల చూపునకు సరిపోయినట్లే తోచును. బలవంతముగా బిగించినచో పోతయినుములోని మరలు చెడిపోవును, చీల మధ్యలోనే విరుగును. చౌకబారు చీలతో ఒక యంత్రము నిరుపయోగమగుటకు ఒక్క నిమిషము చాలును. అందుచేత తెలిసినవారు ఒక్క పాతచీలనైనను పారవేయరు. డబ్బాలలో దాచి, ఏది దేనిదో చీటి కట్టియుంచుదురు.

ఏ దారియు లేనప్పుడు మరియొక యంత్రమును విప్పుదురు. ఇది మనస్సునకు రుచింపని పని. ఒకదానిని బ్రదికించుటకై రెండవదానిని చంపుట న్యాయమా? పీఠము పగిలి, మెడ విరిగి, ఎన్నటికిని కుట్టజాలని యంత్రమైనచో సందేహము లేదు. కాని షటిలు కొరకు బాగుగా కుట్టుచున్న యంత్రమును ముక్కలు చేయువాడు నిజమైన పనివాడు గాడు. పాతయినుప అంగళ్లలో మూలుగుచున్న విరిగిన యంత్రములే ఇట్టివారికి గనులు. తూకమునకు రూపాయలు పోసి కొన్న తుప్పుముద్దలోనుండి, ఎక్కడను దొరకని పలక యొకటి చెక్కుచెదరక బయటపడుటయు కలదు.

అన్ని యంత్రములును ఇంత ఏడిపింపవు. సింగరు 15వ రకము నమూనాను అనుసరించి జపానులో యంత్రములు అసంఖ్యాకముగా తయారైనవి. మన దేశపు యంత్రములలోను ఆ నమూనా కనబడును. కావున దాని బాబినులకు, సూదులకు కరువు లేదు. కొన్ని ప్రాచీన యంత్రములకు మాత్రము సూదియే కరువు. దాని పొడవు వెండ్రుకవాసి మారినను షటిలు మొన ఉచ్చును అందుకొనజాలదు.

ఇన్ని వెదకుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు: విరిగినదో బిగుసుకొనినదో తెలిసికొనుట. మన యిండ్లలో కుట్టుయంత్రమునకు కొబ్బరినూనె వేయువారున్నారు. అది కొంతకాలమునకు జిగురై గడ్డకట్టి చక్రమును కదలనీయదు. అట్టిదానికి కావలసినది విడిభాగము గాదు. కీళ్లలో కిరసనాయిలు చుక్కలు వేసి, ఒకటి రెండు దినములు నాననిచ్చి, మెల్లగా కదిపినచో పెక్కు యంత్రములు లొంగును. పిమ్మట మిషనునూనె వేయవలెను. బంగారు లతలమీద స్పిరిటు తగులరాదు. పైనున్న లక్కపూత కరగి, లతలు గుడ్డకంటుకొని వచ్చును.

కడపటి పరీక్ష చిన్న గుడ్డపేలికమీద జరుగును. పైన నల్లదారము, క్రింద తెల్లదారము ఎక్కించి చక్రమును చేతితోనే నెమ్మదిగా త్రిప్పుదురు. పదికుట్లు పడిన తరువాత పేలికను తిరుగవేసి చూతురు. పైన తెల్లచుక్క కనబడినచో క్రిందిదారము వదులైనదన్నమాట. షటిలు తీసి, బద్దమీది మరను రవంత బిగించి, మరల మొదలుపెట్టుదురు.