మీకు తెలుసా? మెడ బోసి, ఒళ్లు చల్లన

మే నెల మిట్టమధ్యాహ్నం నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్లలో కోళ్లు ముక్కులు తెరిచి రొప్పుతుంటాయి, రెక్కలు ఒంటికి ఎడంగా జార్చుకుంటాయి. కోడికి చెమట గ్రంథులు లేవు మరి! షెడ్డు పక్కలకు గోనెసంచులు కట్టి తడిపేది అందుకే. మెడ బోసిగా ఉన్న కోళ్లకు మాత్రం ఈ బాధ తక్కువ.

ఫ్రాన్స్‌లో ‘లేబుల్ రూజ్’ అనే నాణ్యతా ముద్ర కింద పెంచే మాంసం కోళ్లలో చాలావాటికి మెడ మీద ఈకలుండవు. ఇది ఒకే జన్యువు చలవ. తల్లి నుంచీ తండ్రి నుంచీ అది అందితే ఒంటి ఈకలు 40 శాతం దాకా తగ్గి, వేడి తేలిగ్గా బయటికి పోతుంది.

ఈ ముద్ర 1965లో మొదలైంది. 81 రోజులు నిండందే కోడిని కోయకూడదు, ఆరుబయట తిరగనివ్వాలి. మన బ్రాయిలరేమో ఆరు వారాలకే దుకాణానికి చేరుతుంది.

ఫ్రాన్స్ కోళ్లలోనే తెల్లటి ఈకలు, నీలి కాళ్లు, ఎర్ర జుట్టు ఉన్న బ్రెస్ కోడి మరీ ప్రత్యేకం. దాని పేరుకు ఫ్రాన్స్ 1957లోనే చట్టరక్షణ ఇచ్చింది. ఒక్కో కోడికి 10 చదరపు మీటర్ల పచ్చిక ఉండాలి. చివరి రోజుల్లో కొయ్య బోనులో ఉంచి ధాన్యం, పాలు పెడతారు.

బోసి మెడ గుణంతో మన దేశంలోనూ ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ ఒక సంకర కోడిని తయారుచేసింది. పెరటి పెంపకానికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా రకం కోడి ఉంది. వనరాజా పిల్లలను తొలి ఆరు వారాలు వెచ్చగా పెంచి, కొక్కెర తెగులు టీకా వేయించాకే పెరట్లో వదలాలి.