కొన్న సినిమా – కాపీ హక్కు

మీరు షాలిమార్ స్టేషన్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కారనుకోండి. కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ నది పడమటి గట్టున ఉన్న ఈ స్టేషన్ నుంచి బయలుదేరిన బండి మరునాడు విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై చేరుతుంది. దూర ప్రయాణం కదా, ఫోనులో ఒక సినిమా పెట్టుకున్నారు. అది మీరు డబ్బిచ్చి కొన్న డీవీడీలోదే. ఇంట్లో కంప్యూటరు మీద దాన్ని ఫైలుగా మార్చి ఫోనులోకి ఎక్కించారు. ఖరగ్‌పూర్‌లో ఎక్కిన ఒక తెలుగు విద్యార్థి అది చూసి, "నా ఫోనుకు కూడా పంపిస్తారా?" అని అడిగాడు.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. మీరు మీ ఫోనులోకి కాపీ చేసుకోవడం చట్టసమ్మతమేనా? దాన్ని మరొకరికి ఇవ్వవచ్చునా? రెండవ ప్రశ్నకు జవాబు సులభం: ఇవ్వకూడదు. మొదటి ప్రశ్న మాత్రం ఎంతో ఆసక్తికరమైనది. దానికి మన దేశంలో 2012కు ముందు ఒక జవాబు, ఆ తరువాత మరొక జవాబు ఉన్నాయి.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. డీవీడీ కొన్నప్పుడు మీ సొంతమయ్యేది ఆ బిళ్ళ మాత్రమే. దాన్ని మీరు దాచుకోవచ్చు, పగలగొట్టవచ్చు, స్నేహితుడికి చూడమని ఇవ్వవచ్చు. కాని అందులోని సినిమాకు నకలు తీసే హక్కు బిళ్ళతో పాటు మీకు రాదు. కాపీరైట్ చట్టం, 1957లోని 14వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు సినిమా హక్కుదారుదే. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఏ మాధ్యమంలో నిల్వ చేసినా అది కూడా నకలు తీయడం కిందికే వస్తుంది. కాబట్టి ఫోనులోకి ఎక్కించడమూ నకలే.

అయితే ప్రతి నకలూ ఉల్లంఘన కాదు. చట్టంలోని 52వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇచ్చింది. వాటిలో ముఖ్యమైనది 'న్యాయమైన వినియోగం'. స్వంత వాడకానికి, పరిశోధనకు, విమర్శకు న్యాయమైన మేరకు ఒక రచనను వాడుకోవచ్చు. చిక్కు ఎక్కడంటే, 2012 వరకు ఈ మినహాయింపు సాహిత్య, నాటక, సంగీత, కళాకృతులకే ఉండేది. సినిమాలకు, సౌండ్ రికార్డింగులకు లేదు. అంటే గ్రంథాలయ పుస్తకంలో నాలుగు పేజీలు జిరాక్స్ తీసుకున్న విద్యార్థికి రక్షణ ఉండేది. తాను కొన్న వీసీడీని కంప్యూటరులోకి ఎక్కించుకున్న విద్యార్థికి ఉండేది కాదు. తక్కువ ధర సీడీలు ఇంటింటికీ చేరిన ఆ రోజుల్లో ఎందరో ఈ సంగతి తెలియకుండానే నకళ్ళు తీసుకున్నారు!

2012 జూన్ 21 నుంచి అమలులోకి వచ్చిన సవరణ 'ఏ రచన అయినా' అని ఆ మినహాయింపును విస్తరించింది. కంప్యూటరు ప్రోగ్రాములు మాత్రం దీనిలోకి రావు. వాటికి వేరే నిబంధనలున్నాయి. స్వంత వాడకం కోసం ఎలక్ట్రానిక్ మాధ్యమంలో నిల్వ చేయడం ఉల్లంఘన కాదని వివరణ కూడా చేర్చారు. మన ప్రయాణికుడికి అండ ఈ మాటలే.

కాని 'న్యాయమైన' అనే పదాన్ని మరచిపోకూడదు. చట్టం దానికి నిర్వచనం ఇవ్వలేదు. 1996లో కేరళ హైకోర్టు, సివిక్ చంద్రన్ కేసులో మూడు విషయాలు చూడాలని చెప్పింది: ఎంత భాగం తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అసలు రచనతో అది పోటీ పడే అవకాశం ఉందా. సినిమా మొత్తం ఎక్కించుకున్నారు గనుక మొదటి ప్రశ్న మీకు అనుకూలం కాదు. మిగిలిన రెండూ అనుకూలమే: మీరు ఇప్పటికే డబ్బు చెల్లించారు, చూసేది మీరే. డిస్కును అమ్మేసి నకలు ఉంచుకున్నా, దొంగ డిస్కు నుంచి నకలు తీసినా, 'న్యాయం' అని వాదించడం కష్టమని నా అభిప్రాయం.

ఇక తాళం సంగతి. వీసీడీకి తాళం ఉండదు. సినిమా డీవీడీలలో చాలావాటికి సీఎస్ఎస్ అనే రహస్య సంకేత పద్ధతి ఉంటుంది. దాని కీ 40 బిట్లే. 1999లో దాన్ని ఛేదించే ప్రోగ్రాము బయటికి వచ్చింది. దానికి సంబంధించి నార్వేలో యాన్ యోహాన్సెన్ అనే యువకుడిపై కేసు నడిచింది. తాను కొన్న డిస్కును తాను చూసుకోవడం నేరం కాదని 2003లో కోర్టులు అతన్ని నిర్దోషిగా ప్రకటించాయి. అమెరికా 1998 చట్టం మాత్రం, కొన్ని మినహాయింపులు తప్ప, తాళం తీయడాన్నే నిషేధించింది.

మన చట్టం మధ్యే మార్గం పట్టింది. 65ఎ సెక్షన్ ప్రకారం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ళ వరకు జైలు, జరిమానా. చట్టం నిషేధించని పనికోసం తీస్తే నేరం కాదు. అయితే ఇంకొకరికి అలా తీసిపెట్టే వ్యక్తి, వారి పేరు, చిరునామా, తీసిన కారణం రికార్డులో రాసి ఉంచాలి. ఇలాంటి పుస్తకం నిర్వహించే దుకాణం నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇతర దేశాల దారులు వేరు. 1984లో అమెరికా సుప్రీంకోర్టు బీటామాక్స్ కేసులో, టీవీ కార్యక్రమాన్ని తరువాత చూడడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమేనని 5–4 ఆధిక్యంతో చెప్పింది. జర్మనీ 1965 నుంచే రికార్డింగ్ పరికరాల మీద రుసుము విధించి, హక్కుదారులకు పంచే ఏర్పాటు చేసింది. బ్రిటన్ 2014 అక్టోబరులో స్వంత నకళ్ళను అనుమతించింది; పరిహారం లేకపోవడాన్ని సమర్థించే ఆధారాలు చాలవని మరుసటి ఏడాది అక్కడి హైకోర్టు దాన్ని కొట్టివేసింది.

స్ట్రీమింగ్ యాప్‌లో 'డౌన్‌లోడ్' నొక్కి దించుకున్న సినిమాను కొన్న డిస్కుతో పోల్చకండి. అక్కడ మీకు దొరికేది షరతులతో కూడిన అనుమతి మాత్రమే. గడువు తీరితే ఆ ఫైలు తెరుచుకోదు.

స్వంత వాడకం అంటే ఇంటి నాలుగు గోడల మధ్య అని కాదు. రైలు బెర్తు మీద చూసినా స్వంతమే. కాని అదే సినిమాను బస్సులో ప్రయాణికులందరికీ వేస్తే అది ప్రజాప్రదర్శన అవుతుంది. ఉల్లంఘన అని తెలిసి చేస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం కానప్పుడు కోర్టు శిక్ష తగ్గించవచ్చు.

సినిమాపై హక్కు విడుదలైన ఏడాది తరువాత 60 ఏళ్ళు ఉంటుంది. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ'కు సినిమాగా ఆ గడువు 2022 చివర ముగిసింది. అందులోని పాటల సంగతి వేరు. వాటి రచయిత పింగళి నాగేంద్రరావు 1971లో మరణించారు. ఆయన సాహిత్యంపై హక్కు 2031 చివరి వరకు ఉంటుంది.