దివాళా పిటిషను ఖర్చులు – పేదలకు ఉచిత న్యాయ సహాయం (ప్రత్యేక వ్యాసం)

దాచేపల్లి: పత్తి, మిర్చి పంటలపై ఆధారపడిన పల్నాడు ప్రాంతంలో "ఐ.పి. పెట్టడం" అనే మాట తెలియనివారు అరుదు. ఇన్సాల్వెన్సీ పిటిషను, అనగా దివాళా పిటిషను, అనే దానికి ఇది వాడుక రూపం. ఐ.పి. పెడితే అప్పు రద్దయినట్లేనని ఋణగ్రస్తులు, ఇక తమ సొమ్ము రాదని ఋణదాతలు భావించడం పరిపాటి. ఈ రెండు అభిప్రాయాలూ సరైనవి కావు. ఖర్చుకు వెరచి కోర్టు మెట్లు ఎక్కని నిరుపేదలకు చట్టం కల్పించిన సహాయం గురించి కూడా తగిన అవగాహన కొరవడింది.

వర్తించే చట్టం

వ్యక్తుల దివాళాకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే నేటికీ ఆధారం. 2016లో పార్లమెంటు చేసిన దివాళా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీల అప్పులకు హామీదారులుగా ఉన్నవారికి మాత్రమే 2019 డిసెంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. వార్షికాదాయం రూ.60,000, ఆస్తి రూ.20,000, అప్పు రూ.35,000 మించని, సొంత ఇల్లు లేని వారికి ఋణవిముక్తి కల్పించేందుకు అదే స్మృతిలో పొందుపరచిన విధానం ఇంకా అమలులోకి రాలేదు.

1920 చట్టం ప్రకారం అప్పులు తీర్చలేని స్థితిలో ఉండి, రూ.500 లేదా అంతకు మించి బాకీ ఉన్న వ్యక్తి పిటిషను దాఖలు చేయవచ్చును. దాచేపల్లి ప్రాంతం వారు గురజాలలోని సీనియర్ సివిల్ జడ్జి కోర్టును ఆశ్రయించవలసి ఉంటుంది.

ఖర్చులు ఏమిటి?

పిటిషనుపై చెల్లించే కోర్టు రుసుము స్థిరమైనది. అప్పు మొత్తాన్నిబట్టి పెరగదు. భారమయ్యేవి ఇతర ఖర్చులే. ప్రతి ఋణదాతకు నోటీసు పంపవలసి ఉన్నందున, పదిమంది వద్ద చేబదులు తీసుకున్న కౌలురైతుకు ఒకే బ్యాంకుకు బాకీపడిన వ్యక్తికంటె నోటీసుల ఖర్చు అధికమవుతుంది. దీనికి న్యాయవాది ఫీజు, పత్రాల నకళ్ల ఖర్చు తోడవుతాయి.

ఉచిత న్యాయ సహాయం

1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను క్రింద మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయానికి అర్హులు. ఇతరులలో వార్షికాదాయం రూ.3 లక్షలు మించనివారు అర్హులు. ఆదాయం విషయమై అఫిడవిట్టును సాధారణంగా ఆమోదిస్తారు. కోర్టు రుసుము, నోటీసుల ఖర్చు, న్యాయవాది ఫీజు న్యాయ సేవల సంస్థే భరిస్తుంది. ఆ విధంగా నియమితుడైన న్యాయవాది కక్షిదారు నుండి ఎట్టి సొమ్మూ తీసుకొనరాదు.

ఋణగ్రస్తుల హక్కులు, బాధ్యతలు

న్యాయవాది ద్వారా నోటీసు పంపినంత మాత్రాన అప్పు తీరదు. కోర్టు దివాళా ఉత్తర్వు జారీ చేసిన పిమ్మట ఆస్తి కోర్టుకు లేదా రిసీవరుకు సంక్రమిస్తుంది. అటుపై ఋణదాతలు కోర్టు అనుమతి లేనిదే విడిగా చర్య తీసుకొనజాలరు. వ్యవసాయదారుడు నివసించే ఇల్లు, సేద్యపు పనిముట్లు, జీవనాధారానికి అవసరమైన పశువులు, విత్తనాలు జప్తునుండి మినహాయింపు పొందుతాయి. అయితే తాకట్టు పెట్టిన ఆస్తిపై ఋణదాతకు గల హక్కు చెక్కుచెదరదు.

కోర్టు విధించిన గడువులోగా విముక్తి ఉత్తర్వుకై దరఖాస్తు చేయనిచో దివాళా ఉత్తర్వే రద్దు కాగలదు. ప్రభుత్వానికి చెల్లించవలసిన బాకీలు, మోసంతో చేసిన అప్పులు విముక్తి ఉత్తర్వుతో తొలగిపోవు. పిటిషనుకు ముందు రెండేళ్లలోపు, తగిన ప్రతిఫలం లేకుండా బంధువుల పేర మార్చిన ఆస్తి బదిలీలను కోర్టు రద్దు చేయవచ్చును. లెక్కలు, ఆస్తులు దాచిపెడితే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చును.

ఋణదాతలు గమనించవలసినది

మిర్చి, పత్తి అరువుపై కొన్న వ్యాపారి ఐ.పి. దాఖలు చేసినచో సరుకు అమ్మిన రైతులే ఋణదాతలవుతారు. నోటీసు అందినవారు మిన్నకుండక, తూకపు చీటీలు, ప్రామిసరీ నోట్లు, ఖాతా పుస్తకాలతో కోర్టులో తమ బాకీని రుజువు చేసుకొనవలెను. రుజువు చేసుకొననివారికి ఆస్తి పంపకంలో వాటా లభించదు. ఆదాయ పరిమితికి లోబడిన ఈ రైతులు సైతం ఉచిత న్యాయ సహాయానికి అర్హులే.

సహాయం కోరువారు కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయ సేవల సంఘంలో దరఖాస్తు చేసుకొనవచ్చును. లేదా 15100 ఉచిత ఫోను నంబరులో సంప్రదించవచ్చును. రెవెన్యూ, వ్యవసాయ, మార్కెటింగు శాఖల అధికారులు గ్రామసభలలోను, మార్కెట్ యార్డులలోను ఈ సమాచారాన్ని తెలియజేసినచో, ఖర్చుకు భయపడి హక్కు వదులుకొనే దుస్థితి నుండి అనేక కుటుంబాలు బయటపడగలవు.