ఆఫీసు వాళ్లు మీ ఫోన్ అడిగితే... ఏది ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు?

విజయనగరంలో ఒక ప్రైవేటు సంస్థలో చేరిన మొదటి వారంలోనే మా బామ్మర్దిని తన వాట్సాప్ ఆఫీసు కంప్యూటర్‌లో లింక్ చేయమన్నారు. కస్టమర్లకు మెసేజ్‌లు పంపాలట. చేశాడు. నెల తిరిగేసరికి, వేరే ఉద్యోగం చూసుకుంటున్నానని ఇంట్లో వాళ్లకు పెట్టిన మెసేజ్ గురించి మేనేజరే అడిగాడు. రాత్రి నాకు ఫోన్ చేసి, "ఫోను నా దగ్గరే ఉంది కదేటి, ఆళ్లెలా సదివేరు బావా?" అన్నాడు.

సమాధానం సింపుల్. వాట్సాప్ ఒకసారి లింక్ చేస్తే మీ పర్సనల్ చాట్‌లు కూడా ఆ స్క్రీన్ మీద కనిపిస్తాయి. ఇలా నాలుగు డివైజ్‌ల వరకు లింక్ చేయొచ్చు.

ఇది కొత్త గొడవ కాదు

2022 ఆగస్టులో ఏపీ ప్రభుత్వం టీచర్లకు ముఖ గుర్తింపు హాజరు తెచ్చింది. యాప్ వేసుకోవాల్సింది మాత్రం సొంత ఫోన్‌లో! "మా ఫోన్, మా డేటా ఎందుకు? డివైజ్‌లు మీరే ఇవ్వండి" అని సంఘాలు అడ్డం తిరిగాయి. చివరికి అప్పటి విద్యాశాఖ మంత్రి, విజయనగరం జిల్లాకే చెందిన బొత్స సత్యనారాయణ సంఘాలతో చర్చలకు కూర్చోవాల్సి వచ్చింది.

అమెరికాలో అయితే మేరీల్యాండ్ రాష్ట్రం 2012లోనే ఉద్యోగుల సోషల్ మీడియా పాస్‌వర్డ్ అడగకూడదని చట్టం చేసింది. మన దగ్గర అలా నేరుగా చెప్పే చట్టం లేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. కానీ 2023 డేటా రక్షణ చట్టంలోని సెక్షన్ 7, ఉద్యోగ అవసరాల కోసం సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వీలు యజమానికి ఇచ్చింది. అందుకే మన జాగ్రత్త మనమే చూసుకోవాలి.

ఇప్పుడే చేయాల్సినవి

1. వాట్సాప్‌లో మూడు చుక్కల మెనూ నొక్కి 'లింక్డ్ డివైజెస్' చూడండి. ఆఫీసు కంప్యూటర్ కనిపిస్తే దాని మీద ట్యాప్ చేసి లాగౌట్ చేయండి.

2. ఫేస్‌బుక్‌లో అకౌంట్స్ సెంటర్, పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీలోకి వెళ్తే మీ అకౌంట్ ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో తెలుస్తుంది. తెలియనివి తీసేసి, పాస్‌వర్డ్ మార్చండి.

3. ఆఫీసు యాప్‌కి కెమెరా, లొకేషన్ కావాలంటే 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని ఇవ్వండి. హాజరు యాప్‌కి మీ కాంటాక్ట్స్‌తో పనేంటి?

4. కంపెనీ మెయిల్ తప్పనిసరి అయితే ఆండ్రాయిడ్ 'వర్క్ ప్రొఫైల్' అడగండి. సొంత ఫోన్‌లో అది వేస్తే ఆఫీసు యాప్‌లు వేరే అరలో ఉంటాయి. ఇవతలి అరలోని ఫోటోలు, చాట్‌లు కంపెనీకి కనిపించవు. కంపెనీ ఇచ్చిన ఫోన్‌కి మాత్రం ఈ భరోసా లేదు. దాంట్లో సొంత అకౌంట్లు వేయకపోవడమే మంచిది.

5. ఆఫీసు పనికి వేరే సిమ్, దాని మీద వాట్సాప్ బిజినెస్. ఖర్చు తక్కువ, నిద్ర ఎక్కువ.

మరి పాస్‌వర్డే అడిగితే? గొడవ పడక్కర్లేదు. "పాస్‌వర్డ్ వేరేవాళ్లకి ఇవ్వకూడదని ఫేస్‌బుక్ రూలే ఉంది సార్" అనండి. అది నిజం కూడా.

మా బామ్మర్ది ఇప్పుడు రెండో సిమ్ వాడుతున్నాడు. ఉద్యోగం అదే, మేనేజరూ అతనే. చాట్‌లు మాత్రం మళ్లీ తనవే అయ్యాయి.