ఓడ నమూనా పలకకు మందం కుదిర్చే యంత్రం

మూడంగుళాల మందమున్న టేకు పలకను 48 రెట్లు కుదిస్తే 1.59 మిల్లీమీటర్లు వస్తుంది. 96 రెట్లు కుదిస్తే 0.79. ఓడ నమూనాలు కట్టేవాళ్లకు నిత్యం ఎదురయ్యే లెక్క ఇది. అసలు ఓడ పలకలో ఒక మిల్లీమీటరు హెచ్చుతగ్గును ఎవరూ పట్టించుకోరు. నమూనాలో అదే తేడా పలక మందాన్నే మింగేస్తుంది.

ఈ తేడాలు ఒకదానికొకటి తోడవుతాయి కూడా. ఓడ దేహాన్ని (హల్) కట్టే ఒక పద్ధతిలో అడ్డపలకలను ఒకదానిమీద ఒకటి అంటించి, తర్వాత ఆకారానికి చెక్కుతారు. ఐదేసి మిల్లీమీటర్ల పలకలు ఇరవై కావాలనుకుందాం. ఒక్కో పలక 0.1 మిల్లీమీటరు ఎక్కువగా ఉంటే మొత్తం ఎత్తు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 1:48 కొలతలో ఆ రెండు మిల్లీమీటర్లూ అసలు ఓడకు 96 మిల్లీమీటర్లు, అంటే దాదాపు నాలుగంగుళాలు. ఓడ లోతే మారిపోయినట్టు.

పలకను వంచేటప్పుడు చిక్కు ఇంకా ముదురుతుంది. చెక్క వంగకుండా మొరాయించే బలం దాని మందానికి మూడో ఘాతంలో పెరుగుతుంది. ఒక మిల్లీమీటరు పలకలో ఒకచోట 1.2 మిల్లీమీటర్లుంటే అక్కడ బిరుసు 1.7 రెట్లు దాటుతుంది. ఓడ ముక్కు దగ్గర ఆ పలకను గుండ్రంగా తిప్పబోతే పలచని చోట మడత పడుతుంది, మందమైన చోట పైకి లేస్తుంది. చేతిపని ఎంత చక్కనిదైనా ఇక్కడ గట్టెక్కించలేదు. ముందు పలక అంతా ఒకే మందంలో ఉండాలి.

ఆ పని కోసం పుట్టిన చిన్న యంత్రమే థిక్‌నెస్ శాండర్. తిరిగే ఒక డ్రమ్ము, దాని చుట్టూ ఉప్పు కాగితం, దాని కింద పైకీ కిందికీ జరిగే ఒక బల్ల. డ్రమ్ముకూ బల్లకూ మధ్య సందు ఎంత ఉంటే, అవతలికి వచ్చే చెక్క అంత మందంలో ఉంటుంది.

చెక్కపనిలో యంత్రాల చరిత్రకు ఓడలతో దగ్గర చుట్టరికం ఉంది. బ్రిటిష్ నౌకాదళ నిర్మాణాలకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసిన శామ్యూల్ బెంథమ్ 1791లోనే చిత్రిక పట్టే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. తెరచాపల తాళ్లు లాగడానికి ఒక్కో యుద్ధనౌకకు వందల కప్పీలు కావాలి. వాటి తయారీకి పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో మార్క్ బ్రూనెల్ రూపకల్పన చేసి, హెన్రీ మాడ్స్‌లే నిర్మించిన 45 యంత్రాలు వెలిశాయి. 1808 నాటికి అవి ఏడాదికి 1,30,000 కప్పీలు తీశాయి. అంతకుముందు 110 మంది చేసిన పని పదిమంది చేతికి వచ్చింది. ఒకే కొలతలో వేల వస్తువులు తీయడం పరిశ్రమకు అలవాటైన తొలి చోట్లలో ఇదొకటి.

ఉప్పు కాగితం కథ వేరు. 13వ శతాబ్దపు చైనాలో గవ్వల పొడి, గింజలు, ఇసుకను జిగురుతో తోలుకాగితానికి అంటించి రుద్దేవారు. 1833లో లండన్‌లో జాన్ ఓకీ గాజుపొడి కాగితాన్ని పెద్దయెత్తున తయారుచేశాడు. మరుసటి ఏడాది అమెరికాలోని వెర్మాంట్‌లో ఐజాక్ ఫిషర్ పేటెంట్లు పొందాడు. 1891లో ఎడ్వర్డ్ అచిసన్ కృత్రిమ వజ్రం చేయబోతే సిలికాన్ కార్బైడ్ చేతికొచ్చింది. వజ్రం దక్కకపోయినా ప్రపంచానికి గట్టి గరుకుపొడి దొరికింది. 3ఎం కంపెనీ పుట్టుక కూడా ఇలాంటిదే. కురువిందం తవ్వుదామని 1902లో మొదలుపెట్టారు. తీరా తవ్వింది అక్కరకు రాని రాయి అని తేలాక, గరుకు కాగితాల తయారీకి మళ్లారు.

కాగితాన్ని డ్రమ్ముకు చుట్టి తిప్పడం ఫ్యాక్టరీల్లో ముందే ఉంది. కానీ ఆ యంత్రాలు తలుపులకు, బల్లచెక్కలకు సరిపోయేవి. బల్లమీద పట్టే బుల్లి యంత్రం ఓడ నమూనాలు కట్టేవాళ్ల అవసరంలోంచి వచ్చింది. అమెరికాలో ప్రియాక్ పేరుతో వచ్చినది, ఆ తర్వాత ఫ్లోరిడాలోని బర్న్స్ మోడల్ మెషీన్స్ అనే చిన్న సంస్థ చేసినది ఈ వృత్తిలో బాగా పేరుపడ్డాయి. బర్న్స్ యంత్రంలో డ్రమ్ము వెడల్పు ఆరంగుళాలు. సగానికి ముతక కాగితం, సగానికి సన్న కాగితం చుట్టుకోవచ్చు. కాగితం మార్చకుండానే ఒక పక్క అరగదీసి, మరో పక్క నునుపు చేసుకునే వీలు దీనిలోని అసలు తెలివి.

తెలుగువాళ్లకు ఈ యంత్రం ఎందుకంటే, దానికో సూటి కారణం ఉంది. పెట్టెల్లో దొరికే ఓడ నమూనా కిట్లు చాలావరకు యూరప్, అమెరికా ఓడలవి. వాటిలో పలకలు కోసి, మందం కుదిర్చి ఇస్తారు. మన ఓడలకు ఆ సౌకర్యం లేదు. రెండు తెరచాప స్తంభాలతో యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేలమీద కనిపించే ఓడ, 17వ శతాబ్దంలో నరసాపురం రేవులో కట్టిన ఓడలు, 1839 నవంబరు తుపానుకు చిన్నాభిన్నమైన కోరంగి ఓడలు: వీటిలో దేన్ని కట్టాలన్నా చెక్కను మొద్దు నుంచి పలక దాకా సొంతంగా తీసుకోవాలి. ఎన్‌సీసీ నౌకా విభాగం విద్యార్థులకు నౌసైనిక్ శిబిరాల్లో ఓడ నమూనాల పోటీ కూడా ఉంటుంది. వాళ్ల చేతుల్లో కోరంగి ఓడ చూడాలంటే ముందు వాళ్ల పాఠశాలకు, కళాశాలకు ఇలాంటి యంత్రం చేరాలి.

చిత్రిక యంత్రం చాలదా అంటే, చాలదు. దాని కత్తులు చెక్కను చెక్కుతాయి. పలక పలచనయ్యేకొద్దీ, పోగు అడ్డం తిరిగినచోట పెచ్చులు లేపుతాయి. పలక మూడు మిల్లీమీటర్లకు దిగితే కత్తికింద వణికి విరిగే ప్రమాదం ఎక్కువ. పైగా టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, అది కత్తి పదునును త్వరగా తినేస్తుంది. ఉప్పు కాగితానికి ఈ బెడదలు తక్కువ. అది నెమ్మదిగా తింటుంది గానీ అర మిల్లీమీటరు దాకా తీసుకెళ్తుంది.

రాయలసీమలోని ప్యాపిలి ప్రాంతంలో, గరుకుతో అరగదీసే ఈ సూత్రం జనానికి మరో రూపంలో బాగా తెలుసు. దగ్గరలోని బేతంచెర్ల బండల పాలిష్‌కు పేరుపడ్డ ఊరు. అక్కడి సున్నపురాయి పొరల దగ్గర చీలుతుంది కాబట్టి భూమిలోంచే పలకగా వస్తుంది. మందం మాత్రం అంతటా ఒక్కలా ఉండదు. ఫ్యాక్టరీలో నీళ్లు పోస్తూ, ముతక రాయితో మొదలుపెట్టి సన్న రాళ్లకు దిగుతూ పైముఖాన్ని నున్నగా చేస్తారు. అడుగున మిగిలిన ఎగుడుదిగుళ్లను మేస్త్రి గచ్చు వేసేటప్పుడు సిమెంటులో సర్దేస్తాడు. ఓడ పలకకు అలా సర్దే అడుగు లేదు, రెండు ముఖాలూ సమాంతరంగా ఉండి తీరాలి. అయినా ముతక నుంచి సన్నానికి దిగే క్రమం రెండుచోట్లా ఒకటే.

యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది బిగువు. మోటారు గుర్రపుబలం కన్నా, డ్రమ్ము ఇరుసు ఏ మాత్రం ఊగకపోవడం, బల్ల వంగకపోవడం ముఖ్యం. చూసే పద్ధతి తేలిక. ఒకే మందమున్న రెండు సన్న బద్దలు తీసుకుని, ఒకదాన్ని డ్రమ్ము ఎడమ కొస కింద, రెండోదాన్ని కుడి కొస కింద పోనివ్వాలి. తర్వాత కాలిపర్‌తో కొలవాలి. తేడా 0.05 మిల్లీమీటరు లోపుంటే మంచి యంత్రం. తేడా ఉన్నా సవరించే మర ఉంటే ఇబ్బంది లేదు. అది కూడా లేకపోతే ఎంత చవకగా వచ్చినా వదిలేయడమే మేలు.

తర్వాతది ఎత్తు మార్చే మర. చాలా చిన్న యంత్రాల్లో బల్ల ఒక కొసన మడతబందు మీద ఉంటుంది, రెండో కొసను మర ఎత్తుతుంది. డ్రమ్ము సరిగ్గా నడుమ ఉంటే, మర కొస ఎంత లేస్తే డ్రమ్ము కింద బల్ల అందులో సగమే లేస్తుంది. చుట్టుకు ఒక మిల్లీమీటరు జరిగే మరను ఒక చుట్టు తిప్పితే సందు అర మిల్లీమీటరు తగ్గుతుంది. చక్రం మీద 20 గీతలుంటే ఒక్కో గీత 0.025 మిల్లీమీటరు. ఇంతకన్నా సన్నని కొలత చెక్కకు అక్కర్లేదు. మరలో ఎప్పుడూ కొంత వదులు ఉంటుంది కనుక, బల్లను కావలసిన దానికన్నా దించి, మళ్లీ పైకి ఎత్తుతూ కొలతకు రావాలి. పైనుంచి దించుతూ ఆగితే గీత ఒకటి చెబుతుంది, చెక్క మరొకటి చెబుతుంది.

విదేశీ యంత్రం తెప్పించేవాళ్లు కరెంటు సంగతి ముందే చూసుకోవాలి. అమెరికా మోటారు 120 వోల్టులకు, 60 హెర్ట్‌జ్‌కు చేసింది. మన ఇళ్లలో 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ హెర్ట్‌జ్‌ను మార్చదు. అందువల్ల ఇండక్షన్ మోటారు నిమిషానికి 1725 చుట్లకు బదులు 1440 దగ్గర తిరుగుతుంది, వేడి కూడా ఎక్కువ పుడుతుంది. రాయలసీమ ఎండలో అది చిన్న విషయం కాదు. మోటారునే ఇక్కడిదానితో మార్చుకోవడం మంచి దారి. 50 మిల్లీమీటర్ల డ్రమ్మును 1440 చుట్లతో తిప్పితే కాగితం నిమిషానికి 226 మీటర్లు నడుస్తుంది. చిన్న పలకకు ఆ వేగం సరిపోతుంది. వేగం రెట్టింపైతే పని పెరుగుతుంది గానీ చెక్క మాడే అవకాశమూ పెరుగుతుంది.

కొనలేనివాళ్లు కట్టుకోవచ్చు. ఇరుసు, రెండు బేరింగులు, పావు గుర్రపుబలం మోటారు, ఎండీఎఫ్ చక్రాలు వరసగా అంటించి చేసిన డ్రమ్ము ఉంటే చాలు. కిటుకంతా డ్రమ్మును బల్లకు సమాంతరం చేయడంలో ఉంది. బల్లమీద చదునైన పలకకు ఉప్పు కాగితం అంటించి, డ్రమ్మును తిప్పుతూ బల్లను కొద్దికొద్దిగా ఎత్తుతారు. అప్పుడు డ్రమ్మే అరిగి, ఆ బల్లకు సరిపోయే ఆకారానికి వస్తుంది. దాని బేరింగుల మీదే, దాని మోటారుతోనే తిరుగుతూ అరిగింది కనుక ఊగడం దాదాపు పోతుంది. ఇంట్లో కట్టిన యంత్రం కొన్నదానితో పోటీపడేది ఇక్కడే.

వాడకంలో దాటకూడని నియమం ఒకటుంది. పలకను డ్రమ్ము తిరిగే దిశకు ఎదురుగా నెట్టాలి. తిరిగే వైపుకే పెడితే డ్రమ్ము దాన్ని లాక్కుని బాణంలా విసిరేస్తుంది, పలకతో పాటు వేళ్లనూ లాగవచ్చు. వదులు చొక్కా చేతులు, భుజాన తువ్వాలు యంత్రం దగ్గర ఉండకూడదు. సగం దాకా నెట్టి, అవతలి కొసను పట్టుకుని మిగతా సగం లాగాలి. మధ్యలో ఆగితే అక్కడ గుంట పడుతుంది, మాడిన మచ్చ మిగులుతుంది. ముతక కాగితంతో ఒక్కో విడతకు 0.1 మిల్లీమీటరుకు మించి తీయకూడదు, సన్నదానితో అందులో సగం. ప్రతి విడతకూ పలకను తిరగేయాలి. ఒకే ముఖాన్ని అరగదీస్తూ పోతే చెక్కలోని బిగువు ఒకవైపే సడలి పలక వంకరవుతుంది.

కాగితం నంబరు ఎంచుకోవడానికి గరుకురేణువు కొలత తెలిస్తే చాలు. పి80 రేణువు సగటున 0.2 మిల్లీమీటరు, పి120 రేణువు 0.125, పి220 రేణువు 0.07కు లోపు. అర మిల్లీమీటరు పలకమీద పి80 వాడితే, మందంలో సగానికి దగ్గరైన రేణువుతో గీరినట్టే. అందుకని కావలసిన మందానికి 0.2 మిల్లీమీటరు ఉండగానే ముతక కాగితం ఆపేసి సన్నదానికి మారాలి. చెక్కలోని జిడ్డు కాగితం సందుల్లో పేరుకుంటే క్రేప్ రబ్బరు ముక్కను తిరిగే డ్రమ్ముకు ఆనించి శుభ్రం చేస్తారు. అర మిల్లీమీటరుకు తక్కువ పలక కావాలంటే దాన్ని ఒంటరిగా పంపరు. చదునైన మరో చెక్కకు రెండువైపులా అంటుకునే టేపుతో అతికించి, రెంటినీ కలిపి పంపుతారు.

చెక్క విషయానికొస్తే తెలుగు నేలకు ఒక వరముంది. ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాడే అంకుడు కర్ర తెల్లగా, సన్నని పోగుతో, దంతంలా ఉంటుంది. విదేశీ నమూనాకారులు ఎంతో ఖర్చుపెట్టి వెతుక్కునే బాక్స్‌వుడ్‌కు మన దగ్గరి సాటి అదే. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి తేలిక, మెత్తన. లోపలి దిమ్మలకు పనికొస్తుంది గానీ పైపలకలకు నిలవదు. ఎర్రచందనం జోలికి మాత్రం అనుమతి పత్రాలు లేకుండా ఎవరూ పోకూడదు. నరకడం, రవాణా చేయడం చట్టం అదుపులో ఉన్నాయి. అంతర్జాతీయ వ్యాపారానికీ 1995 నుంచి సైటిస్ ఒప్పందపు నిబంధనలు వర్తిస్తున్నాయి. కోస్తా తేమలో పెరిగిన కర్ర ప్యాపిలి పొడిగాలికి వచ్చాక కుంచించుకుంటుంది. తెచ్చిన కర్రను ముతక పలకలుగా కోసి, మధ్యలో పుల్లలు పెట్టి, కొన్ని వారాలు నీడలో ఆరనిచ్చాకే కొలతకు తేవాలి.

ఇక దుమ్ము. ఈ యంత్రం తీసిన చెక్కంతా పొట్టుగా రాలదు, గాలిలో తేలే పొడిగా మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్కపొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. డ్రమ్ముకు మూత, ఆ మూతకు వాక్యూమ్ క్లీనర్ గొట్టం, ముఖానికి ఎన్95 మాస్కు తప్పనిసరి. బండల ఫ్యాక్టరీలో దుమ్మును అణచడానికి నీళ్లున్నాయి. చెక్కమీద నీళ్లు పోయలేం, అందుకే ఈ జాగ్రత్త. గొట్టం తగిలించే చోటు లేని యంత్రాన్ని ఇంట్లోకి తేకపోవడమే మంచిది.

అనుభవమున్నవాళ్లు ఓడకు కావలసిన పైపలకలన్నిటినీ ఒకేసారి, మరను కదపకుండా చివరి విడత పట్టిస్తారు. విరిగేవి, వృథా అయ్యేవి లెక్కేసి మరికొన్ని ఎక్కువే తీస్తారు. మరుసటి నెల కొత్త కాగితం చుట్టి అదే గీత దగ్గర పెట్టినా సందు కాస్త మారుతుంది, ఎందుకంటే కాగితానికీ మందం ఉంది, అదీ వాడేకొద్దీ అరుగుతుంది. తీసిన పలకలను మందం రాసి కట్టలు కట్టి, రెండు చదును చెక్కల మధ్య బిగించి ఉంచుతారు. కట్టలోంచి తీసిన ప్రతి పలకనూ ఓడకు అంటించేముందు కాలిపర్‌తో మళ్లీ మూడుచోట్ల కొలుస్తారు: రెండు కొసల్లో, నడుమ.