ఒక్క కొమ్మ.. వంద ప్రయత్నాలు!

రెజ్యూమెలు పంపి పంపి విసిగిపోయారా? రిప్లయ్ కూడా రాని మెయిల్స్ చూసి 'ఇక నావల్ల కాదు' అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగి, ఓ మొక్క కథ వినండి.

19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన మనవాళ్లు చెరకు తోటల్లో పనికి వెళ్లిన దేశం మారిషస్. అందులో భాగమైన చిన్న దీవి రోడ్రిగ్స్. అక్కడ మాత్రమే పెరిగే 'కెఫే మరోన్' అనే తెల్లపూల మొక్క అంతరించిపోయిందనే అంతా అనుకున్నారు. 1980 ప్రాంతంలో ఓ స్కూలు కుర్రాడు ఓ కొమ్మ తెచ్చి టీచర్‌కి చూపించాడు. అదే మొక్క! మిగిలింది మాత్రం ఒక్కటే. సంగతి తెలియగానే నాటువైద్యం కోసం జనం కొమ్మలు విరిచేస్తుంటే చుట్టూ కంచెలు కట్టాల్సి వచ్చింది. 1986లో కొన్ని కొమ్మల్ని లండన్‌లోని క్యూ గార్డెన్స్‌కి పంపారు. వేరు పట్టింది, పూలు పూసింది. ఏళ్లు గడిచినా కాయ మాత్రం కాయలేదు.

పద్ధతి మార్చాడు

అప్పుడొచ్చాడు కార్లోస్ మాగ్దలేనా. స్పెయిన్ వాడు. అంతకుముందు రెస్టారెంట్లలో పనిచేసి, క్యూలో ఇంటర్న్‌గా చేరాడు. పూలకు చేత్తో పుప్పొడి అద్దాడు. ఫెయిల్. మళ్లీ అద్దాడు, మళ్లీ ఫెయిల్. కానీ చేసిందే చేస్తూ కూర్చోలేదు. చోటు మార్చాడు, వేడి మార్చాడు, పుప్పొడి పెట్టే తీరు మార్చాడు. వేడి ఎక్కువ తగిలేచోట ఉన్న మొక్కకు చివరికి కాయ కాసింది. ఆ విత్తనాలు తిరిగి రోడ్రిగ్స్‌కు చేరాయి. కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు మనం చేసేదీ ఇదేగా!

పెరట్లోనే మొదలు

మారిషస్‌లో చెక్కుచెదరని సొంత అడవి 2 శాతం కూడా మిగల్లేదు. బ్రెజిల్ నుంచి తెచ్చిన చైనా జామ లాంటివి అడవిని కమ్మేశాయి. అందుకే అక్కడ ఇంటి తోట కూడా లెక్కలోకి వస్తుంది. మీ బంధువులో, స్నేహితులో అక్కడుంటే ఈ నాలుగు మాటలు చెప్పండి.

- ముందు చోటు చూసుకోవాలి. తీరం పొడి, వేడి. క్యూర్‌పిప్ లాంటి మెట్ట ప్రాంతం చల్లన, వాన ఎక్కువ.
- తీరంలో నీలి లటానియా, బాటిల్ పామ్ బాగా వస్తాయి. నీళ్లు నిలవకూడదు.
- మొక్కల్ని అడవి నుంచి పీకి తేకూడదు. నర్సరీలో పెంచినవే కొనాలి.
- వానలు మొదలవగానే నాటాలి. తొలి ఏడాది తప్పకుండా నీళ్లు పోయాలి. తుపాన్ల కాలంలో లేత మొక్కకు కర్ర ఊతం కట్టాలి.

మరి మనకేంటి?

బీటెక్ అయ్యాక నేను ఏడాదిన్నర ఖాళీగా ఉన్నా. ఇంట్లోవాళ్ల చూపులు తప్పించుకోడానికి మేడ మీదికి వెళ్లేవాణ్ని. అక్కడ కుండీల్లో తంగేడు గింజలు వేశా. మొలవలేదు. రెండోసారీ మొలవలేదు. పైపొట్టు గట్టిదని తెలిసి, గరుకు కాగితంతో కాస్త రుద్ది వేస్తే మొలిచాయి! ఏ రోజు ఏం మార్చానో, ఏమైందో షీట్‌లో రాసుకునేవాణ్ని. తర్వాత ఓ ఇంటర్వ్యూలో 'ఈ గ్యాప్‌లో ఏం చేశావ్?' అని అడిగితే ఆ షీటే చూపించా. ఉద్యోగం ఆ షీట్ వల్లే వచ్చిందని చెప్పను. కానీ ఆ ప్రశ్నకు తల దించుకోలేదు.

ఈ పని నచ్చితే దారులూ ఉన్నాయి. బోటనీ చదివినవాళ్లకు బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది, హైదరాబాద్‌లోనూ దాని కేంద్రం ఉంది. నర్సరీ పని నేర్చుకోవాలంటే కడియం వెళ్లి చూడండి. మ్యాపింగ్, డేటా వచ్చిన ఇంజినీర్లకూ జీవవైవిధ్య ప్రాజెక్టుల్లో పని ఉంటుంది.

ఈ వారం ఓ కుండీ, ఓ నాటు గింజ, ఓ నోట్‌బుక్ తీసుకోండి. మొలవకపోతే ఒక్కటి మార్చి మళ్లీ వేయండి. రెజ్యూమె విషయంలోనూ అంతే!