గాలిలో వేటగాడు తూనీగ

వాన వెలిసిన సాయంకాలములందు చెరువుగట్టున తూనీగలు గుంపులుగా తిరుగుచుండుట మనమందరము చూచినదే. తోకకు దారము కట్టి ఆడుకొను పిల్లలకు తూనీగ ఆటవస్తువు. దోమకు మాత్రము మృత్యువు. శాస్త్రజ్ఞులు పరిశీలించినపుడు, కొన్ని తూనీగలు నూటికి 90కి పైగా వేటలలో ఎరను పట్టుకొన్నవి. సింహమునకైనను ఇంతటి సాఫల్యము లేదు. ఇది కేవలము వేగముచేతనే సాధ్యమగుచున్నదా? కాదని మనము చెప్పవచ్చును.

మొదట రెక్కల సంగతి చూతము. ఈగకు, దోమకు రెక్కలు రెండే. వాని ఎగురు కండరములు రెక్కలను నేరుగా కదపవు. రొమ్మును నొక్కి విడుచుచుండగా రెక్కలు ఆడును. తూనీగకు రెక్కలు నాలుగు. ప్రతి రెక్క మొదటను దానికి తగిన కండరములు వేరుగా కలవు. కావున అది ముందు జతను ఒక తీరున, వెనుక జతను వేరొక తీరున ఆడించి, గాలిలో ఒకేచోట నిలువగలదు, చటుక్కున మళ్లగలదు, వెనుకకును పోగలదు. దోమ సెకండునకు కొన్ని వందల మారులు రెక్కలు కొట్టుచుండగా, తూనీగకు సుమారు 30 మారులు చాలును.

ఇక చూపు. తూనీగ కంటిలో వేలకొలది చిన్న కన్నులు ఇమిడియున్నవి. కొన్ని జాతులలో ఇవి ఒక్కొక్క కంటికి 30,000 వరకు ఉండును. తరచుగా అది ఎరను క్రిందినుండి చూచును. వెనుక ఆకాశము తెరవలె ఉండుటచే చిన్న దోమయు నల్లచుక్కగా స్పష్టముగ అగపడును. అపుడు తూనీగ దోమ ఉన్నచోటికి పోదు, దోమ చేరబోవు చోటికి పోవును. బంతిని పట్టు ఆటగాడును అట్లే, అది పడబోవు తావునకు పరుగెత్తును కదా! ఆపై కాళ్లను బుట్టవలె చేర్చి ఎరను అందుకొనును.

మగ తూనీగ చెరువులో కొంత మేరను తనదిగా కాపాడుకొని, పరాయి మగవానిని తరుమును. ఆస్ట్రేలియాలో ఇట్టి పోటీలను చిత్రించి పరిశీలించిన శ్రీనివాసన్ మున్నగు శాస్త్రజ్ఞులు 2003లో ఒక వింతను ప్రకటించిరి. వెంబడించు తూనీగ, తాను కదలక నిలిచిన వస్తువువలె ప్రత్యర్థి కంటికి తోచునట్లు తన త్రోవను దిద్దుకొనుచున్నదట!

తూనీగ పిల్లపురుగులు నీటిలో పెరుగుచు దోమపిల్లలను తినును. అవి పెరిగి రెక్కలు తొడుగుటకు వారములు, కొన్ని జాతులలో సంవత్సరములు పట్టును. కనుక వానికి నిలుకడగల నీరు కావలెను. దోమకో, కొబ్బరిచిప్పలో పదిదినములు నిలిచిన నీరు చాలును. చెరువును పూడ్చినచో దోమ మిగులును గాని దానిని పట్టునది మిగులదు. పిల్లల చేతి దారమును విప్పించుటతోపాటు, ఊరి చెరువును నిలుపుకొనుటయు మన పనియే.